వేగం ఎవరిది, బ్రేకు ఎవరిది?

యంత్రానికి నీతీ అవినీతీ లేవని, అవి దానిని వాడే మనిషికే ఉంటాయని ఒక వాదం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. కత్తితో కూర తరగవచ్చు, గొంతు కోయవచ్చు. తప్పు కత్తిది కాదు గదా అంటారు. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. అయితే ఇందులో ఒక లోపం ఉంది. కత్తి మనిషి చెయ్యి కదిలినంతసేపే కదులుతుంది, చెయ్యి ఆగితే ఆగుతుంది. మనిషి చెయ్యి తీసేసిన తరువాత కూడా అతని నిర్ణయాన్ని తనంతట తాను అమలు జరిపే యంత్రాల సంగతి ఏమిటి? వేగం ఒకసారి నిర్ణయించి, ఇక నువ్వు నడుపుకో అని అప్పగించాక, ఆ పైన జరిగేదానికి బాధ్యులెవరు? కత్తి ఉపమానం ఇక్కడ మనకు దారి చూపదు. ఇటువంటి యంత్రాలలో చాలా చిన్నదాన్ని, సామాన్యంగా ఎవరూ పట్టించుకోనిదాన్ని ఒకటి తీసుకొని, ఈ ప్రశ్నను పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ యంత్రం పేరు క్రూయిజ్ కంట్రోల్. కారు నడిపేవాడు తనకు కావలసిన వేగం అందుకున్నాక ఒక మీట నొక్కితే, కాలు తీసేసినా కారు అదే వేగంతో పోతూ ఉంటుంది. ఎత్తు వస్తే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందుతుంది, పల్లం వస్తే తగ్గుతుంది. బ్రేకు మీద కాలు వేసిన మరుక్షణం పట్టు వదులుతుంది. ఈనాటి కార్లలో ఇదంతా ఎలెక్ట్రానిక్ చిప్పుల పని, కంటికి ఆనదు. పాత కార్లలో గొట్టాలు, రబ్బరు తిత్తి, గొలుసు కలిసి ఈ పని చేసేవి. కనుక విప్పి చూడవచ్చు, చూసి తెలుసుకోవచ్చు.

మన దేశంలో తయారైన పాత కార్లలో ఈ పరికరం కనిపించదు. 1957 నుంచి 2014 దాకా ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారైన అంబాసిడరుకు లేదు. బొంబాయి ప్రీమియర్ పద్మినికీ లేదు. ఎట్లాగో సముద్రం దాటి వచ్చిన పెద్ద కార్లలోనే అది ఉంది. అటువంటి అమెరికన్ కారు ఒకదాన్ని, 1970ల నాటిది, మా సహోద్యోగి బంధువు ఒకాయన కొన్నారు. అందులోని ప్రతి మీటా మొదటిరోజు పనిచేసినట్లే పనిచెయ్యాలని ఆయన పట్టుదల. దాన్ని నాచారం పారిశ్రామికవాడ అంచున ఒక షెడ్డులో ఇచ్చారు. ఆ పని జరిగినన్నాళ్లలో నేనూ నాలుగైదుసార్లు అక్కడికి వెళ్లాను. పైన రేకులు, నేలలో ఒక గొయ్యి, గోడ పొడుగునా స్పానర్లు, పక్క షెడ్డులో ఒక లేతు. మెకానిక్కును అందరూ ఉస్తాద్ అంటారు. పన్నెండో ఏట ఉప్పల్‌లో ఒక గ్యారేజీలో చేరి పని నేర్చిన మనిషి. ఇంగ్లీషు మాన్యువల్ చదవలేడు గాని, అందులోని బొమ్మలను మాత్రం క్షుణ్ణంగా చదువుతాడు.

ఆ పరికరం పనిచేసే తీరు కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా వాదమంతా దానిమీదనే ఆధారపడి ఉంది. గేరుబాక్సు నుంచి స్పీడోమీటరుకు పోయే కేబులు మధ్యలో ఒక డబ్బా బిగించి ఉంటుంది. కేబులు తిరిగే వేగాన్నిబట్టి ఆ డబ్బా ఒక సన్నని రంధ్రం గుండా పోయే గాలిని ఎక్కువ తక్కువలు చేస్తుంది. ఇంజను గాలి పీల్చేటప్పుడు లోపల ఏర్పడే వాక్యూమును రబ్బరు గొట్టాల ద్వారా ఆ డబ్బాకు, అక్కడినుంచి ఒక తిత్తికి తీసుకుపోతారు. తిత్తిలోని డయాఫ్రం ముడుచుకున్నప్పుడు, పూసలదండ వంటి సన్నని గొలుసు కార్బురేటరు త్రోటిలును లాగుతుంది. కారు వేగం పడిపోతే లాగుడు పెరుగుతుంది, వేగం హెచ్చితే సడలుతుంది. ఇది పట్టే భాగం.

విడిచే భాగం వేరే ఉంది. దానికి రెండు దారులు పెట్టారు. బ్రేకు పెడలు దగ్గర ఒక స్విచ్చి ఉంటుంది; పెడలు కదలగానే డబ్బాకు కరెంటు తెగుతుంది. ఆ స్విచ్చి పక్కనే ఒక చిన్న వాల్వు ఉంటుంది. అదే క్షణంలో అది తెరుచుకొని బయటి గాలిని తిత్తిలోకి వదులుతుంది. గాలి చేరిన తిత్తి ఇక గొలుసును లాగలేదు. ఒకటి పనిచెయ్యకపోయినా రెండోది పనిచెయ్యాలి, అందుకే రెండు.

ఉస్తాద్ మొదట తిత్తి గొట్టాన్ని నోట పెట్టుకొని గాలి పీల్చి, నాలుకతో మూసి చూశాడు. పట్టు నిలవలేదు, డయాఫ్రం చీలింది. యజమాని అమెరికాలో ఉన్న కొడుకుచేత మరొక తిత్తి తెప్పించారు. పగిలిన గొట్టాలు మార్చారు. డబ్బాలో గడ్డకట్టిన గ్రీజును కడిగి పలచటి నూనె వేశారు. పట్టే భాగం సిద్ధమైంది. అప్పుడు ఉస్తాద్ బ్రేకు దగ్గరి వాల్వును పరీక్షించాడు. లోపలి రబ్బరు రాయిలాగా గట్టిపడి అతుక్కుపోయింది. పెడలు ఎంత తొక్కినా తెరుచుకోదు. స్విచ్చి మాత్రం బాగానే ఉంది.

ఇక్కడ వచ్చింది పేచీ. ఆ ఆదివారం పాత కార్లవాళ్లంతా ఒకచోట చేరుతున్నారు. యజమానికి కారు ఆనాటికి కావాలి. “స్విచ్చి ఉంది గదా ఉస్తాద్, ప్రస్తుతానికి అది చాల్లే, వాల్వు తరువాత చూద్దాం” అన్నారు. ఉస్తాద్ ఒప్పుకోలేదు. “పట్టుకునుడు పెద్ద పని కాదు సార్. ఇడిసిపెట్టుడే పని. యాభై ఏండ్ల కిందటి డబ్బ. లోపట ఇరుక్కున్నదంటే కరెంటు తీసినా ఇడ్వది. గప్పుడు ఏం జేస్తరు?” అన్నాడు. బ్రేకు గట్టిగా తొక్కితే ఆగక ఏంచేస్తుందని ఆయన వాదించారు. కారు ఆగవచ్చు. కాని అటు ఇంజను ముందుకు లాగుతుంటే ఇటు బ్రేకు వెనక్కి లాగాలి. ఆ పెనుగులాటకు కావలసినంత రోడ్డు ప్రతిసారీ ముందు ఖాళీగా ఉంటుందన్న హామీ ఎవరిస్తారు? మాట ఎటూ తేలలేదు. చివరకు ఉస్తాద్ త్రోటిలు దగ్గర గొలుసు ఊడదీసి, యజమాని చేతిలో పెట్టి, కారు ఇచ్చి పంపించాడు. “వాల్వు అయినంక మల్ల నేనే ఏస్త” అన్నాడు. మొత్తం పని కాలేదు గనుక యజమాని కూలిలో సగమే ఇచ్చారు.

పదిరోజుల తరువాత పక్క షెడ్డు లేతు మీద ఇత్తడి వాల్వు ఒకటి తయారైంది. దాన్ని బిగించి, ఘట్‌కేసర్ దాటి వెడల్పాటి రోడ్డు దొరికాక రెండు రకాలుగా పరీక్షించారు. ఒకసారి వాల్వును మూసేసి స్విచ్చి ఒక్కటే విడిపిస్తుందా అని. మరొకసారి స్విచ్చి తీగలను పక్కకు కలిపేసి వాల్వు ఒక్కటే విడిపిస్తుందా అని. రెండూ దేనికది విడిపించిన తరువాతనే, కారు వేగాన్ని సరిగా నిలుపుతున్నదా లేదా అన్న సంగతి చూశారు. ఉప్పల్ చౌరస్తా రద్దీలో ఈ పరీక్ష సాగదు. సుమారు ముప్ఫై మైళ్ల వేగానికి లోపు ఆ పరికరం అసలు పట్టదు.

ఈ సంఘటనను ఒక మెకానిక్కు చాదస్తంగా కొట్టిపారెయ్యవచ్చు. లేదా అతని నిజాయితీని మెచ్చుకొని ఊరుకోవచ్చు. రెండూ సరిపోవని నా అభిప్రాయం. ఆ షెడ్డులో జరిగిన వాదంలో ఒక సాధారణ సూత్రం దాగి ఉంది. వేగాన్ని నిలిపే యంత్రం ఏదైనా సరే, దాన్ని గురించి రెండు ప్రశ్నలు అడగాలి. వేగం ఎవరు నిర్ణయించారు? విడిపించే సాధనం ఎవరి అందుబాటులో ఉంది? కారులో ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు. మీట నొక్కిన చెయ్యీ, బ్రేకు తొక్కే కాలూ ఒకే మనిషివి. ప్రమాదం జరిగితే దెబ్బ తగిలే ఒళ్లు కూడా ముందుగా అతనిదే. అందుచేతనే ఆ యంత్రం అతనికి సేవకుడుగా ఉంటుంది. విడిచే భాగం చెడిపోయిన రోజున అది సేవకుడుగా ఉండటం మానేస్తుంది. ఉస్తాద్ కాపాడింది కారు యజమానికీ యంత్రానికీ మధ్య ఉండవలసిన ఈ సంబంధాన్ని.

ఈ పరికరం చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. దీనిని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ 1890లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. ఐదో ఏట చూపు పోయింది. అయినా 1912లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు. పిస్టన్ రింగులు తయారుచేసే పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీని నడిపాడు. అతని లాయరు కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు నెమ్మదించి, వినేటప్పుడు జోరుపెంచి, ఆ కుదుపులతో అతన్ని విసిగించేవాడని చెబుతారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రబ్బరు, పెట్రోలు పొదుపు కోసం అమెరికా ప్రభుత్వం గంటకు 35 మైళ్ల వేగపరిమితి పెట్టింది. ఈ రెండు అనుభవాలూ టీటరును ఆలోచింపజేశాయి. 1950లో అతనికి పేటెంటు వచ్చింది. 1958లో క్రైస్లర్ కంపెనీ తన కార్లలో దీనిని పెట్టింది. మనం గమనించవలసిన అంశం ఏమిటంటే, అతని మొదటి పరికరం వేగాన్ని పట్టి ఉంచేది కాదు. నిర్ణయించిన వేగం చేరగానే పెడలు కిందనుంచి కాలిని ఎదురు తోసేది. ఇంతటితో చాలు అని హెచ్చరించేది. కాలు తీసినా వేగం నిలిచే సౌకర్యం ఆ తరువాత చేరింది. అంటే మొదట అది హద్దు; తరువాత పట్టు అయింది. హద్దుకూ పట్టుకూ తేడా ఉంది. హద్దు ఇంతకు మించవద్దు అంటుంది. పట్టు ఇంతకు తగ్గవద్దు అంటుంది. ఈ భేదం మనకు ముందు ముందు అవసరమవుతుంది.

వేగాన్ని నిలిపే యంత్రాలు కారుతో పుట్టలేదు. 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి రెండు ఇనుపగుండ్లు గిరగిర తిరిగే గవర్నరును అమర్చాడు. వేగం హెచ్చితే గుండ్లు ఎడంగా జరిగి ఆవిరిని తగ్గిస్తాయి. వేగం తగ్గితే దగ్గరికి వచ్చి ఆవిరిని పెంచుతాయి. గాలిమరల్లో ఇటువంటి ఏర్పాటు అప్పటికే ఉంది. 1868లో మాక్స్‌వెల్ ఈ గవర్నర్ల గురించి ఒక గణితశాస్త్ర వ్యాసం రాశాడు. ఏ పరిస్థితుల్లో అవి వేగాన్ని స్థిరంగా ఉంచుతాయో, ఏ పరిస్థితుల్లో ఊగిసలాటకు లోనవుతాయో విశ్లేషించాడు. 1948లో నార్బర్ట్ వీనర్ ఈ శాస్త్రానికి సైబర్నెటిక్స్ అని పేరు పెట్టినప్పుడు, ఓడ చుక్కాని పట్టేవాడికి గ్రీకులో ఉన్న మాటను తీసుకున్నాడు. గవర్నరు అన్న మాటకూ మూలం అదే. రాజ్‌భవనంలో ఉండే గవర్నరుకూ, లారీ డీజిలు పంపులో ఉండే గవర్నరుకూ ఒకటే ఇంటిపేరన్నమాట! ఇది చమత్కారం కోసం చెప్పటం లేదు. వేగాన్ని నియంత్రించటమంటే పరిపాలించటమే. పరిపాలన అనగానే ఎవరిమీద, ఎవరి కోసం అన్న ప్రశ్న పుడుతుంది.

వాట్ గవర్నరుతో ఆవిరియంత్రం మిల్లులకు పనికివచ్చేటంత నిలకడ సంపాదించింది. దారం తెగకుండా కదురు తిరగాలంటే వేగం స్థిరంగా ఉండాలి. నిజమే. కాని అదే వేగం కదురు దగ్గర నిలబడ్డ మనిషికి కూడా అమలయింది. మార్క్సు 1867లో వెలువడ్డ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో యంత్రాలను గురించిన అధ్యాయాన్ని అంత విపులంగా రాయటానికి కారణం ఇదే. అక్కడ వేగం నిర్ణయించిన చెయ్యి వేరు, ఆ వేగం కింద నిలబడ్డ ఒళ్లు వేరు.

ఇది మిల్లుల కాలంతో ముగిసిన కథ కాదు. 1913లో హెన్రీ ఫోర్డు హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే వరుసను ప్రవేశపెట్టాడు. ఒక కారు ఛాసీ కూర్చటానికి పన్నెండున్నర గంటలు పట్టేది కాస్తా మరుసటి ఏటికి 93 నిమిషాలకు దిగింది. ఆ 1913లోనే అక్కడ పని మానేసి పోయే కార్మికుల స్థానంలో కొత్తవారిని చేర్చుకోవటం 370 శాతానికి చేరింది. 1914 జనవరిలో ఫోర్డు రోజుకు ఐదు డాలర్లు ప్రకటించాడు. దాన్ని ఔదార్యమని పొగిడినవారున్నారు. బ్రేకు లేని వరుస దగ్గర మనిషిని నిలబెట్టటానికి చెల్లించిన ధర అని నేనంటాను. ఇక నాచారం షెడ్డులో నేను చూసిన కారు తయారైన దశకంలో, ఆ దేశంలోనే, ఒహాయో రాష్ట్రం లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ గంటకు సుమారు నూరు కార్ల చొప్పున వరుస నడిపింది. ఒక్కొక్క కారుకు 36 సెకన్లు! 1972 మార్చిలో అక్కడి కార్మికులు సమ్మె కట్టారు. అది 22 రోజులు సాగింది. ఆ కాలపు అమెరికన్ కార్లలో యజమాని కాలికింద స్విచ్చి ఒకటి, వాల్వు ఒకటి, వెరసి రెండు విడుదల దారులు అమర్చారు. ఆ కార్లను కూర్చే కార్మికుడికి ఉన్న విడుదల దారి సమ్మె ఒక్కటే.

మన గానుగెద్దు సంగతి అందరికీ తెలిసిందే. కళ్లకు గంతలు కడతారు, మెడలో గంట కడతారు. గంట మోగుతున్నంతసేపు గానుగ తిరుగుతున్నట్లు లెక్క. యజమాని ఇంట్లో కూర్చొని తన పని తాను చూసుకోవచ్చు. వేగాన్ని నిలిపే యంత్రాంగం అక్కడ పూర్తిగా ఉంది. లేనిదల్లా ఎద్దుకు బ్రేకు. పశువు విషయంలో మనం దీన్ని సహజమనుకున్నాం. మనిషి విషయంలో దీన్ని క్రమశిక్షణ అంటున్నాం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావటానికి అవకాశం ఉంది. సమష్టి ఉత్పత్తికి ఒక నిలకడైన వేగం కావాలి. ఎవరికి ఇష్టం వచ్చినప్పుడు వారు బ్రేకు తొక్కితే ఫ్యాక్టరీ నడుస్తుందా, రైలు నడుస్తుందా అని అడుగుతారు. ఇది తేలికగా తీసెయ్యదగ్గ ఆక్షేపణ కాదు. నేను అడుగుతున్నది వేగం వద్దని కాదు. 2017 నవంబరు నుంచి ఉప్పల్ మీదుగా మెట్రో రైళ్లు నడుస్తున్నాయి. వాటి వేగాన్ని కంప్యూటర్లే నిలుపుతాయి. అయినా ముందు ఒక మనిషి కూర్చొని ఉంటాడు. అత్యవసరమైతే ఆపే సాధనం అతని చేతికింద ఉంటుంది. దానివల్ల రైళ్లు ఆలస్యమైపోవటం లేదు. జపానులో టొయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనిపించినప్పుడు వరుసను ఆపించటానికి కార్మికుడికి అందేటట్లు ఒక తాడు వేలాడదీశారు. ఉత్పత్తి కూలిపోలేదు సరిగదా, ప్రపంచమంతా ఆ పద్ధతిని అనుకరించింది. అయితే ఆ తాడు పరిమితిని కూడా మనం గుర్తించాలి. కారులో లోపం ఉంటే లాగటానికి అది పనికివస్తుంది. వేగమే ఒక లోపమైనప్పుడు లాగటానికి దాన్ని కట్టలేదు. కనుక సమష్టిలో నేను చెప్పే సూత్రం ఇట్లా మారుతుంది: వేగం కింద నిలబడే వారికి ఆ వేగాన్ని నిర్ణయించటంలో భాగం ఉండాలి, దాన్ని ఆపించే దారి వారి చేతికి అందేంత దూరంలో ఉండాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షనులో, ప్రమాదవేళ నడుస్తున్న యంత్రాలకు శక్తి సరఫరాను తెంచే సాధనం ప్రతి పనిగదిలోనూ ఉండాలని రాశారు. చట్టాల పేర్లు మారవచ్చు, అంకెలు మారవచ్చు. ఆ నియమం వెనక ఉన్న ఇంగితం మారటానికి వీల్లేదు.

ఇప్పుడు మనం నాచారం నుంచి వరంగల్ రోడ్డు మీదికి వద్దాం. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల సరుకు మోసే లారీలు, డీసీఎంలు ఆ దారిన పోతుంటాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 118వది వేగనియంత్రణకు సంబంధించింది. దాని ప్రకారం 2015 అక్టోబరు 1 నుంచి తయారైన రవాణా వాహనాలకు, కొన్ని తరగతులు మినహా, గంటకు 80 కిలోమీటర్లు మించనివ్వని పరికరం ఉండాలి. ఇది టీటరు మొదటి పరికరానికి చుట్టం. హద్దే గాని పట్టు కాదు. దాన్ని తప్పించిపెట్టమని అడిగేవారు తన దగ్గరికి వస్తుంటారని ఉస్తాద్ చెప్పాడు. అడిగేది యజమాని కాదు, డ్రైవరే.

నా సూత్రానికి ఇది కఠినమైన పరీక్ష. యంత్రం పట్టునుంచి విడిపించటం మంచిపని అయితే, డ్రైవరును ఈ పరికరం నుంచి విడిపించటం కూడా మంచిదే కావాలి గదా! కాదు. ఎందుకంటే ఆ డ్రైవరును నిజంగా పట్టి ఉంచింది ఆ పరికరం కాదు. ఫలానా గంటకు సరుకు దిగకపోతే కిరాయిలో కోత అన్న షరతు అతన్ని పట్టి ఉంచింది. ఆ పట్టు లారీలో ఎక్కడా కనిపించదు. దానికి గొలుసు లేదు, తిత్తి లేదు, విప్పటానికి మరచీల లేదు. కనిపించని పట్టు బిగుసుకుంటున్నప్పుడు మనిషి కనిపించే హద్దును తెంపుకుంటాడు. ఫోనులో నిమిషాల లెక్క చూసుకుంటూ అన్నం పొట్లాలు మోసుకుపోయే మోటారుసైకిలు కుర్రవాడు కూడా సిగ్నలు తెంపుకొని పోయేది ఇందుకే. రోడ్డు మీద నిలబడి చూసేవారికి ఇతనిదే నిర్లక్ష్యంగా కనిపిస్తుంది.

ఆశ్చర్యమేమిటంటే, మన చట్టానికి ఈ విషయం బాగా తెలుసు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 183వ సెక్షను వేగపరిమితి దాటి నడిపినవాడినే గాక, తన కింద పనిచేసేవాడిచేత అట్లా నడిపించినవాడిని కూడా శిక్షార్హుడంటుంది. అంతటితో ఆగదు. ఫలానా వేళకు ప్రయాణం ముగించాలని టైమ్‌టేబులు ప్రకటించినా, ఆజ్ఞ ఇచ్చినా, వేగపరిమితి దాటకుండా ఆ వేళకు చేరటం సాధ్యం కాదని కోర్టు భావిస్తే, ఆ టైమ్‌టేబులే ఆ ఆజ్ఞ ఇచ్చినవాడి నేరానికి ప్రాథమిక సాక్ష్యమవుతుందని అంటుంది. వేగం ఎవరిదో వెతికి పట్టుకునే దారి చట్టంలోనే ఉందన్నమాట. కాని రోడ్డు పక్కన ఆపేది డ్రైవరునే, లైసెన్సు గుంజుకునేది అతనిదే. టైమ్‌టేబులు రాసినవాడి ఆఫీసు దాకా చట్టం నడిచిపోవటం మనం ఎంత అరుదుగా చూస్తాం! 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని నిర్ణయించింది. ఆ అంకెలను రాత్రంతా లారీ తోలిన మనిషికి వినిపిస్తే నవ్వుతాడు.

మరి ఆ డ్రైవరుకు ఉస్తాద్ ఏమి చెయ్యాలి? తాను ఆ పని చెయ్యనని పంపించేస్తాడట. “నేను చెయ్యకుంటే ఇంకోడు చేస్తడు సార్. గది నాకు ఎరికే” అని కూడా అన్నాడు. ఆ మాటలో గొప్ప చెప్పుకోవటం లేదు, అలసట ఉంది. వ్యక్తి నీతి ఎంతవరకు పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. కారు విషయంలో ఒక మెకానిక్కు పట్టుదల సరిపోయింది. గొలుసు ఊడదీసి చేతిలో పెడితే ప్రశ్న తీరింది. లారీ విషయంలో సరిపోదు. ఊడదీయవలసిన గొలుసు అతని షెడ్డులోకి రాదు గనుక. దాన్ని ఊడదీయటానికి డ్రైవర్లు ఒకటై కిరాయి షరతుల మీద పోరాడాలి. 183వ సెక్షను చివరి మాటలను అమలుపరచమని అడగాలి. అంతమాత్రాన ఉస్తాద్ తిరస్కారం వృథా అని నేననను. హద్దు తెంపే పనికి తన చెయ్యి సాయం చెయ్యనన్న మనిషి, ఆ హద్దు ఎందుకు తెంపవలసి వస్తున్నదన్న ప్రశ్నను బతికించి ఉంచుతాడు. ‘చెప్పిన పని చేశాను, మిగతాది నాకెందుకు’ అన్న మాట ఆ ప్రశ్నను చంపేస్తుంది.

నేను చదువుచెప్పే వృత్తిలో ఉన్నాను గనుక ఆ వైపు ఒక మాట. తెల్లవారకముందు లేపి, రాత్రి పొద్దుపోయేదాకా గంటగంటకూ గంట కొట్టి చదివించే హాస్టలు కాలేజీలు మన రాష్ట్రాలలో ఎన్ని ఉన్నాయో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ వేగం నిర్ణయించేది యాజమాన్యం. దానికి డబ్బు కట్టేది తల్లిదండ్రులు. దాని కింద ఉన్నది పదహారేళ్ల పిల్లవాడు. వాడికాలికి బ్రేకు ఎక్కడ ఉంది? ఇంటికి ఫోను చేసి ఇక చాలంటే, అందరూ చదవటం లేదా అన్న జవాబు వస్తుంది. స్విచ్చి పనిచెయ్యదు, వాల్వు గట్టిపడింది. ఆ పిల్లల్లో కొందరు విడుదలకు ఏ దారి వెతుక్కుంటున్నారో మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాం. చదివి, పిల్లలకు మనోధైర్యం తక్కువైందని వ్యాఖ్యానిస్తున్నాం. తిత్తిని బాగుచేసి, వాల్వు సంగతి తరువాత చూద్దామన్న కారు యజమానికీ, ఫలితాల శాతం చూసి పిల్లవాడిని అప్పగించే మనకూ భేదం ఎంత?

యంత్రాన్ని భూతమని తిట్టిన కవిత్వం మనకుంది. దేవత అని కొలిచిన కవిత్వమూ ఉంది. రెండూ యంత్రాన్ని దూరంనుంచి చూసినవే. దగ్గరికి పోయి, ఏ గొట్టం ఎక్కడికి పోతున్నదో, ఏది పట్టుతున్నదో, ఏది విడవాలో, విడిచేది ఎవరి కాలికింద ఉందో చూడటం వేరే పని. అభ్యుదయ సాహిత్యం చెయ్యవలసింది ఆ పని అని నా నమ్మకం. ఒక కథలో కార్మికుడు అలసిపోయాడని రాస్తే సరిపోదు. ఆ వేగాన్ని ఎవరు, ఏ గదిలో, ఏ కాగితం మీద నిర్ణయించారో పాఠకుడికి కనిపించాలి. డ్రైవరు నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగిందని పత్రిక రాస్తే, టైమ్‌టేబులు ఎవరు రాశారని అడగవలసినవాడు రచయిత. బాగుచెయ్యటం అన్న మాటను మనం ఇన్నాళ్లూ తిరిగి నడిచేటట్లు చెయ్యటం అన్న అర్థంలోనే వాడుతున్నాం. ఆపవలసినప్పుడు ఆగేటట్లు చెయ్యటం కూడా ఆ మాటకు అర్థమే. ఫ్యాక్టరీని గాని, రోడ్డును గాని, కాలేజీని గాని బాగుచేస్తామని ఎవరు వచ్చినా, ముందు విడిచే భాగం చూపించమని మనం అడగాలి. అది చూపించలేనివారికి గొలుసు తగిలించే అధికారం లేదు.